పారాణి పరీక్ష

ధరూరులో మా మేనకోడలు పదవ తరగతి చదువుచున్నది. మొన్న బడిలో పెట్టిన పరీక్షలో, క్షారమును గుర్తించుటకు వంటింట దొరకు సూచిక యేదియను ప్రశ్నకు లిట్మసు కాగితమని వ్రాసి మార్కు పోగొట్టుకొన్నదట. "సైన్సు నాకు రాదత్తా" యని కన్నీరు పెట్టుకొన్నది. సోదరీమణులారా, మా యింటి పెండ్లిండ్లకు పసుపులో సున్నము వేసి పారాణి కలుపునది ఈ పిల్లయే!

నేనేమియు బోధింపలేదు. పళ్లెరములో పారాణి కలిపించి, దానిపై నిమ్మకాయ పిండుమంటిని. ఎఱుపు పోయి మరల పచ్చనయ్యెను. కొంతసేపు చూచి, "ఆమ్లము క్షారగుణమును పోగొట్టినది" అని తానే యన్నది. దాపుననున్న జూరాల ఆనకట్టవద్ద నీటినుండి విద్యుత్తెట్లు పుట్టునో అడుగబోయితిని గాని, అప్పటికే మిగిలిన నిమ్మచెక్కతో పొయ్యిమీది పాలవద్దకు పోయినది.