బట్టమేక పిట్ట కోసం చివరి 60 కిలోమీటర్లు

జైసల్మేర్ వెళ్లొచ్చిన మనవాళ్ల ఇన్‌స్టా చూడండి. కోట, ఒంటె, సమ్ ఇసుక తిన్నెల మీద సూర్యాస్తమయం, రాత్రి క్యాంపులో కల్బేలియా డాన్సు. వరసగా అవే నాలుగు. ఆ సమ్ తిన్నెల దగ్గర నుంచే డెజర్ట్ నేషనల్ పార్క్ మొదలవుతుందని, అది 3,162 చదరపు కిలోమీటర్ల ఎడారి అని వాళ్లలో ఎంతమందికి తెలుసో మరి.  తెలిసినవాళ్లు కూడా వెళ్లరు. ఎందుకంటే అక్కడికి బస్సు లేదు, రైలు లేదు, యాప్‌లో బుక్ చేస్తే వచ్చే క్యాబూ లేదు.

నేను వెళ్లింది మాత్రం ఎడారి కోసం కాదు, ఒక పిట్ట కోసం. మాది నందికొట్కూరు పక్కన పల్లె. మా తాత చిన్నప్పుడు కొర్ర చేలల్లో, బీడు భూముల్లో తిరిగే బట్టమేక పిట్ట గురించి చెబుతుండేవాడు. "మనిషి నడుముదాకా వచ్చేది రా, దొరలాగా నడిచేది" అనేవాడు. దాని కోసమే 1988లో మా దగ్గర రోళ్లపాడులో అభయారణ్యం పెట్టారు. బోర్డు ఉంది, గడ్డి ఉంది, కృష్ణజింకలున్నాయి. పిట్ట మాత్రం ఏళ్లుగా దాదాపు కనిపించడమే లేదు. దేశం మొత్తం మీద 150కి మించి లేవని అంచనా. వాటిలో ఎక్కువ భాగం ఉన్నది జైసల్మేర్ జిల్లాలోనే. అక్కడ దాన్ని గోడావణ్ అంటారు, రాజస్థాన్ రాష్ట్ర పక్షి అది.

సరే, ఎలా వెళ్లాలి?

జైసల్మేర్‌లో ఎయిర్‌పోర్టు ఉంది కానీ దాన్ని నమ్ముకుని ఆరు నెలల ముందు ప్లాన్ వేసుకోకండి. టూరిస్టులు వచ్చే చలికాలంలో విమానాలు పెరుగుతాయి, వేసవిలో తగ్గిపోతాయి, షెడ్యూలు ఏటా మారుతుంది. పైగా సరిహద్దు జిల్లా. 2025 మేలో పాకిస్థాన్‌తో ఉద్రిక్తత వచ్చినప్పుడు మూసేసిన ఎయిర్‌పోర్టుల్లో ఇదీ ఒకటి. దొరికితే అదృష్టం. దొరక్కపోతే జోధ్‌పూర్ దాకా విమానం, అక్కడి నుంచి రైలు.

నేను పూర్తిగా రైలే ఎక్కాను. 2025 జులై నుంచి కాచిగూడ - భగత్ కీ కోఠీ ఎక్స్‌ప్రెస్ రోజూ నడుస్తోంది. భగత్ కీ కోఠీ అంటే ఏదో కోట పేరనుకునేరు, జోధ్‌పూర్‌ను ఆనుకునే ఉన్న స్టేషన్ అది. నిజామాబాద్, నాందేడ్, అకోలా మీదుగా రెండు రాత్రులు బండిలోనే. స్లీపర్‌లో వెళ్లేవాళ్లు దుప్పటి మరిచిపోవద్దు. రత్లాం దాటాక డిసెంబర్ చలి ఎలా ఉంటుందో మన కోస్తావాళ్లకు అసలు ఊహకే అందదు. జోధ్‌పూర్‌లో దిగి, అక్కడి నుంచి జైసల్మేర్‌కు ఇంకో ఐదారు గంటలు. రాత్రి రైళ్లు ఉన్నాయి గానీ నా మాట విని వీలైతే పగటి బండి పట్టుకోండి. ఫలోదీ, రామ్‌దేవ్రా, పోఖ్రాన్... పేపర్లో చదివిన పేర్లన్నీ ఒక్కొక్కటే కిటికీలోకి వస్తాయి. జమ్మి చెట్లు, జిల్లేడు పొదలు కనిపించినప్పుడు మాత్రం మన ఊరి పొలిమేరలా ఉంటుంది. జమ్మి మన తెలంగాణకు రాష్ట్ర వృక్షం, ఖేజ్డీ పేరుతో రాజస్థాన్‌కూ అదే. జైసల్మేర్ దగ్గరపడేకొద్దీ గాలిమరలు, వాటి నుంచి బయల్దేరిన కరెంటు తీగలు. ఈ తీగల సంగతి మళ్లీ చెబుతా.

అసలు పని జైసల్మేర్‌లో దిగాక మొదలవుతుంది. ఇక్కడిదాకా రెండు వేల కిలోమీటర్ల దారిని ఐఆర్‌సీటీసీ చూసుకుంటుంది, ఇక్కడి నుంచి ఉన్న 60 కిలోమీటర్లను మాత్రం మీరే చూసుకోవాలి.

ముందుగా ఫోన్లో మ్యాప్ తీసి "డెజర్ట్ నేషనల్ పార్క్" అని కొట్టి బయల్దేరకండి. అంత పెద్ద పార్కులో ఆ పిన్ ఎక్కడో ఒకచోట పడుతుంది. దీనికి జూపార్కులా ప్రహరీ లేదు, ఒక మెయిన్ గేటు లేదు. లోపల పదుల సంఖ్యలో ఊళ్లున్నాయి, మేకలున్నాయి, బళ్లున్నాయి. మీరు వెతకాల్సిన పేరు సుదాసరి. పిట్టల కోసం అటవీశాఖ కంచె వేసి కాపాడుతున్న గడ్డి భూమి అక్కడ ఉంది. జైసల్మేర్ నుంచి సుమారు 60 కిలోమీటర్లు. సమ్ రోడ్డు నల్లగా, నున్నగా ఉంటుంది, ఆర్మీ ట్రక్కులు తిరిగే రోడ్డు కదా. అది వదిలాకే తేడా తెలుస్తుంది. మ్యాప్ "12 నిమిషాలు తక్కువ" అని ఊరించే అడ్డదారి ఉంటుంది చూశారూ, అది ఇసుకలోకి తీసుకెళ్తుంది. సిగ్నల్ కూడా వస్తూ పోతూ ఉంటుంది, కాబట్టి ఆఫ్‌లైన్ మ్యాప్ హోటల్ వైఫైలోనే దింపుకోండి.

ఇక సఫారీ. జైసల్మేర్‌లో అడుగుపెట్టగానే వినిపించే మొదటి మాట ఇదే. నేను దిగిన హోటల్లో కుర్రాడు ఎంతో మర్యాదగా లామినేట్ చేసిన కార్డు చూపించాడు. "జీప్ సఫారీ, డెజర్ట్ నేషనల్ పార్క్, సన్‌సెట్, డిన్నర్, డాన్స్, అన్నీ కలిపి." సుదాసరికి వెళ్తారా అని అడిగా. కాసేపు ఆలోచించి, "అక్కడ ఏమీ ఉండదు సార్, గడ్డే" అన్నాడు. పార్కు పేరుతో అమ్మేది చాలావరకు ఇదే: సమ్ తిన్నెల మీద జీపును ఎగరేయడం. కేకలు వేయడానికి బాగుంటుంది. కాకపోతే మనం చూడాలనుకున్న పిట్ట నేల మీదే గుడ్డు పెడుతుంది, అదీ సాధారణంగా ఏడాదికి ఒక్కటే. గడ్డిలో, ఇసుకలో అడ్డదిడ్డంగా తిరిగే టైరు కింద ఏం పోతుందో జీపులో కూర్చున్నవాళ్లకు తెలిసే అవకాశమే లేదు.

ఇంకో రకం ప్యాకేజీ ఉంది, తనోట్ గుడి, లోంగేవాలా యుద్ధ స్మారకం, పార్కు, మూడూ ఒకే రోజు. తనోట్ అటువైపు 120 కిలోమీటర్లు, పార్కు ఇటువైపు. మూడూ ఒకే రోజు అన్నారంటే పార్కును కారు అద్దంలోంచే చూపిస్తారని అర్థం. తనోట్‌కు ఒక రోజు, సుదాసరికి ఇంకో రోజు పెట్టుకోండి.

నేను చేసిందేంటంటే, హోటల్ వదిలేసి టాక్సీ స్టాండుకు వెళ్లా. అక్కడ ముగ్గురు నలుగురిని ఒకటే ప్రశ్న అడిగా: "గోడావణ్ చివరిసారి ఎప్పుడు చూశారు?" ఇద్దరు "రోజూ చూస్తాం" అన్నారు, వాళ్లకో నమస్కారం. తెల్ల మీసాలాయన మాత్రం, "పది రోజుల కింద ఒక ఫొటోగ్రాఫర్‌ను తీసుకెళ్తే చూశా సా, అంతకు ముందు రెండుసార్లు వెళ్తే కనపడలేదు" అన్నాడు. అక్కడ మన "అండీ" లాగా మాట చివర "సా" అంటారు. ఆయన్నే మాట్లాడుకున్నా. ఉదయం ఐదున్నర నుంచి మధ్యాహ్నం దాకా, వెయిటింగుతో కలిపి మూడున్నర వేల దగ్గర బేరం తెగింది. వెయిటింగు ముందే మాట్లాడుకోండి. ఈ పిట్టను చూడటమంటే ముప్పావు వంతు వెయిటింగే. ఒక్కరే వెళ్తే ఖర్చు కొడుతుంది, నలుగురైతే తలా తొమ్మిది వందల లోపే.

బైకు అద్దెకు తీసుకోవచ్చు కదా అంటారా? ఖూరీ అనే ఊరి దాకా, సమ్ దాకా హాయిగా వెళ్లొచ్చు. ఖూరీలో సమ్ అంత గోల ఉండదు, రాత్రి బసకు నాకైతే అదే నచ్చింది. పార్కు వైపు మాత్రం నేను బైకు వద్దంటాను. డిసెంబర్ తెల్లవారుజామున ఆ గాలికి వేళ్లు కొంకర్లు పోతాయి. పైగా గడ్డిలో ఉన్న పిట్ట ఆగిన కారును కాసేపటికి పట్టించుకోవడం మానేస్తుందేమో గానీ, బండి దిగి హెల్మెట్ తీసే మనిషిని చూస్తే మాత్రం నడక అందుకుంటుంది.

పర్మిషన్ విషయం కూడా ముందు రోజే తేల్చుకోవాలి. జైసల్మేర్‌లో పార్కు వ్యవహారాలు చూసే అటవీశాఖ ఆఫీసు ఉంది. ఆఫీసు వేళల్లో వెళ్లి ఏ భాగం తెరిచి ఉంది, సొంత బండిని ఎందాకా రానిస్తారు, గైడును ఇస్తారా, ఈ మూడూ అడగండి. తెల్లారి బయల్దేరాలనుకుని ఆదివారం రాత్రి గుర్తు తెచ్చుకుంటే లాభం లేదు. ఒరిజినల్ ఆధార్ దగ్గరుండాలి, సరిహద్దు దగ్గర ఎవరైనా ఎక్కడైనా అడగొచ్చు. పెట్రోలు, నీళ్లు, తినేవి అన్నీ జైసల్మేర్‌లోనే. నెల అంటారా, నవంబర్ నుంచి ఫిబ్రవరి. మేలో అక్కడ 45 డిగ్రీలు మామూలు విషయం, బండి చెడిపోతే నిలబడడానికి నీడ ఉండదు.

మేం సుదాసరి చేరేసరికి ఇంకా పూర్తిగా తెల్లారలేదు. చింకారాలు రోడ్డు దాటాయి. ఒక ఎడారి నక్క మమ్మల్ని చూసి, చూడనట్టు కూర్చుంది. చెట్టు కొమ్మ మీద రాబందు, శీతాకాలపు అతిథి. డ్రైవర్ ఇంజను ఆపేశాడు, రేడియో ఆపేశాడు, నా ఫోన్ వైపు చూశాడు, అదీ సైలెంట్ చేశా. గంటన్నర గడిచింది. సేవణ్ గడ్డి, గాలి, అంతే.

"అదిగో" అన్నాడు. నాకేమీ కనపడలేదు. బైనాక్యులర్ ఇచ్చి చెయ్యి పట్టుకుని తిప్పాడు. దూరంగా గడ్డి పైన ఒక తెల్లటి మెడ, దాని మీద నల్ల టోపీ. తల నిటారుగా పెట్టి ఒక్కో అడుగూ ఆలోచించి వేస్తోంది. దొరలాగా అన్న మాట తాత ఊరికే అనలేదు. ఫోన్ తీశా, జూమ్ చేశా, స్క్రీన్ మీద చుక్క కూడా రాలేదు. లోపల పెట్టేసి మళ్లీ బైనాక్యులర్ అందుకున్నా. నాలుగు నిమిషాలుందేమో. గడ్డిలోకి దిగిపోయింది.

తిరిగొస్తుంటే ఆయన దారిలో తీగలు చూపించి చెప్పాడు. మగపిట్ట 15 కిలోల దాకా తూగుతుంది, ఎగిరే పక్షుల్లో అత్యంత బరువైన వాటిలో ఒకటి. కళ్లు తలకు పక్కలకు ఉంటాయి కాబట్టి ఎదురుగా ఉన్న తీగ సరిగ్గా ఆనదు. ఆనేసరికి అంత బరువుతో పక్కకు తిరగలేదు. 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఈ ప్రాంతంలో తీగల్ని భూమిలోకి దించమంది. అంత పొడవునా దించడం సాధ్యం కాదని ప్రభుత్వం అంది. 2024 మార్చిలో కోర్టు ఆ ఆదేశాన్ని సడలించి నిపుణుల కమిటీ వేసింది. మనం వాడే సోలార్, గాలి కరెంటు కూడా ఆ తీగల మీదే వస్తుంది కాబట్టి ఇందులో విలన్ ఎవరో చూపించడం అంత తేలిక కాదు. ఇంకోవైపు సమ్‌లో, రామ్‌దేవ్రాలో గుడ్లు పొదిగించి పిల్లల్ని పెంచుతున్నారు. 2024లో కృత్రిమ గర్భధారణతో ఒక పిల్ల పుట్టింది కూడా. ఆ కేంద్రాలు టూరిస్టుల కోసం కాదు, రామ్‌దేవ్రా రైల్లోంచి చూసి దణ్ణం పెట్టుకోవడమే.

జైసల్మేర్ స్టేషన్ దగ్గర దింపేటప్పుడు, మీ ఊళ్లో ఈ పిట్టను ఏమంటారని అడిగాడాయన. చెప్పా. నాలుగుసార్లు పలికి చూశాడు, నాలుగుసార్లూ "బట్టమేకా" దగ్గరే ఆగిపోయాడు. "మరి మీ దగ్గర ఎన్ని ఉన్నాయి?" అన్నాడు. అభయారణ్యం ఉంది సా, అన్నా. ఆయన ఇంకేమీ అడగలేదు. తన నంబరు నా ఫోన్లో తానే కొట్టి, పేరు దగ్గర "గోడావణ్ టాక్సీ" అని సేవ్ చేసి ఇచ్చాడు.