బండల ఇంట్లో పాట

కడప జిల్లా వేములలో కొత్తిల్లు కట్టినవాళ్లు గృహప్రవేశం అయిన కొన్నాళ్లకు హోం థియేటర్ కొంటారు. పులివెందులలోనో ప్రొద్దుటూరులోనో అంగట్లో విన్నప్పుడు బాగానే ఉంటుంది. ఇంటికి తెచ్చినాక మొదలవుతుంది: "ఆడ ఎంత బాగుండె, ఈడ ఎందుకిట్ల గొల్లుమంటాంది?" తిట్లన్నీ పెట్టెకు. తప్పు చాలావరకు ఇంటిది.

మనది రాళ్ల సీమ. ఈ మండలంలో తవ్వితే ముగ్గురాయి, తుమ్మలపల్లెలో యురేనియం. ఇంట్లో కాళ్ల కింద కడప బండ, కాదంటే టైల్సు. చుట్టూ సిమెంటు పూత, పైన స్లాబు. తమ మీద పడ్డ ధ్వనిలో ఇవి నూటికి రెండు మూడు పాళ్లు మింగితే గొప్ప. మిగతాదంతా వెనక్కి కొడతాయి. పాటలో ఒక మాట అణగకముందే తర్వాతి మాట దానిమీద పడుతుంది. పాత చౌడు మిద్దెల్లో ఈ బాధ తక్కువ. ఎగుడుదిగుడు మట్టిగోడలు, పైన దూలాలు, దంతెలు, మూలన శెనక్కాయల మూటలు, దండెం మీద బొంతలు. ధ్వని కొంత చెదిరేది, కొంత ఇంకేది. వానకు కారేవన్నది నిజమే గానీ, పాట వినడానికి అవే మేలు.

1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం ఇదే బాధ ఉన్న ఒక ఉపన్యాసశాలను బాగుచేయమని వాలెస్ సబీన్ అనే కుర్ర అధ్యాపకుడికి అప్పగించింది. అందులో ఎవరు మాట్లాడినా అర్థమయ్యేది కాదు. ఆయన దగ్గర్లోని థియేటర్ నుంచి సీట్ల మెత్తలు రాత్రిళ్లు మోయించి, పరిచి, మోత ఎంతసేపటికి అణుగుతుందో కొలిచాడు. ఆయన కొలమానం తెరిచిన కిటికీ. అందులోంచి పోయిన ధ్వని తిరిగిరాదు కాబట్టి నూటికి నూరు మింగినట్టే లెక్క. ఈ కొలతల నుంచి ఆయన తీసిన సూత్రంతో, 12 అడుగుల చదరం, 10 అడుగుల ఎత్తున్న ఖాళీ బండల గదికి లెక్క వేస్తే మోత అణగడానికి సుమారు 3 సెకన్లు వస్తుంది. బయటి తలుపు ఒక్కటి బార్లా తీస్తే అది సగమవుతుంది. పైసా ఖర్చు లేదు!

బేస్ మాత్రం తలుపు తీసినంత మాత్రాన మాట వినదు. 12 అడుగుల గోడల మధ్య 47 హెర్ట్జ్ దగ్గరి ధ్వని ఒకచోట ఉబ్బి, ఇంకోచోట మాయమవుతుంది. సబ్ ఊఫర్‌ను మూలకు తోస్తే ఆ ఉబ్బు మరీ పెరిగి, సజ్జ మీది బోకులు కూడా పాడతాయి.

దీనికి తోడు మన చెవి. వాల్యూం తగ్గేకొద్దీ చెవి బేస్‌ను వదిలేస్తుందని 1933లో ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రజ్ఞులు కొలిచి చూపించారు. 1000 హెర్ట్జ్ ధ్వని రెండు మూడు డెసిబెల్స్‌కే వినిపిస్తుంది, 50 హెర్ట్జ్‌ది వినిపించాలంటే 40 దాటాలి. అంగట్లో గట్టిగా పెట్టి వినిపించేది అందుకే. ఇంట్లో తగ్గిస్తే పాట పలచబడుతుంది. పలచబడిందని పెంచితే బండలు అరుస్తాయి.

అందుకని పెట్టె మార్చడానికి బస్సెక్కేముందు ఉన్న సబ్ ఊఫర్‌ను మూలనుంచి రెండడుగులు ఇవతలికి జరపండి. ఎదురుగోడకు మందపాటి బొంత వేలాడదీయండి, కింద జంపఖానా పరవండి. వాల్యూం తగ్గించినప్పుడు బేస్ ఒక మెట్టు పెంచండి. తలుపు తీసే వైద్యం మాత్రం పగటికే. తీసిన తలుపులోంచి పోయే పాట పక్కింటివాళ్లకు చేరుతుంది, 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా పరిమితి 45 డెసిబెల్సే.