కేష్, డబ్బా, డంపు

మొన్న ఆదివారం మా వాడు ఫోను పట్టుకుని వచ్చి "నాన్నా, ఈసారి అడ్డతీగల వెళ్ళినప్పుడు తాతయ్య వాళ్ళ ఊళ్ళో మనమే ఒక కేష్ దాచేద్దామా?" అన్నాడు. పేపర్లోంచి తలెత్తకుండానే "వద్దు" అన్నాను. వాడితో అంత ముక్తసరిగా మాట్లాడ్డం నాకు అలవాటు లేదు. మొహం మాడ్చుకుని వెళ్ళిపోయాడు. ఎందుకు వద్దో చెప్పాలంటే పెద్ద కథ. ముందిక్కడ రాసుకుంటే వాడికి చెప్పేటప్పుడు తడుముకోకుండా ఉంటానని మొదలెట్టాను.

జియోకేషింగ్ తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. ఒకరు ఒక డబ్బాలో చిన్న నోటు పుస్తకం, నాలుగు చిల్లర వస్తువులు పెట్టి ఎక్కడో దాస్తారు. దాని అక్షాంశ రేఖాంశాలు నెట్లో పెడతారు. మిగతావాళ్ళు జీపీఎస్ పట్టుకుని వెతుక్కుంటూ పోయి, దొరికితే పుస్తకంలో సంతకం పెట్టి, ఏదైనా తీసుకుంటే బదులు ఇంకోటి పెట్టి, డబ్బాని మళ్ళీ అక్కడే దాచేసి వచ్చేస్తారు. అంతే! మనం చిన్నప్పుడు ఆడిన దాగుడుమూతలే, కాకపోతే ఇక్కడ దాక్కునేది డబ్బా.

దీని పుట్టుక కూడా సరదాగా ఉంటుంది. జీపీఎస్ సిగ్నల్లో మామూలు జనం కోసం అమెరికా మిలిటరీ కావాలనే కొంత తప్పు కలిపేది. అందుకని మన చేతిలో పరికరం వంద మీటర్ల దాకా అటూ ఇటూ చూపించేది. 2000 మే 1న క్లింటన్ ఆ తప్పు కలపడం ఆపేయమన్నాడు. ఆ రాత్రికి రాత్రే ప్రపంచంలో ఉన్న రిసీవర్లన్నీ పదింతలు బాగుపడ్డాయి. కొత్త వెర్షన్ రిలీజ్ లేదు, ప్యాచ్ లేదు, టెస్టింగ్ లేదు! మే 3న డేవ్ ఉల్మర్ అనే ఆయన ఓరెగన్ రాష్ట్రంలో బీవర్‌క్రీక్ దగ్గర ఒక నల్ల ప్లాస్టిక్ బకెట్ సగం పాతిపెట్టి, అందులో పుస్తకాలు, సాఫ్ట్‌వేర్, ఒక ఉండేలు, ఒక బీన్స్ డబ్బా పడేసి, ఎక్కడుందో న్యూస్‌గ్రూపులో రాశాడు. మూడు రోజుల్లో ఇద్దరు వెళ్ళి చూసొచ్చారు. ఆ నెలాఖర్లోనే మ్యాట్ స్టమ్ అనే ఇంకొకాయన దీనికి జియోకేషింగ్ అని పేరు పెట్టాడు. అవును, మన ప్రాసెసర్లో ఉండే కేషే. అడవుల్లో తిరిగేవాళ్ళు ముందు అవసరానికని దాచుకునే సరుకునీ అదే మాటంటారు. రెండర్థాలూ కుదిరాయి.

నేను సియాటెల్లో ఉన్న మూడేళ్ళూ శని ఆదివారాలు ఈ పిచ్చిలోనే గడిచాయి. చేతిలో పసుపుపచ్చ గార్మిన్ ఈట్రెక్స్, జేబులో నాలుగు పెన్సిల్ బ్యాటరీలు. దీనికో భాష కూడా ఉంది. ఆట తెలియనివాళ్ళని మగుల్స్ అంటారు, హ్యారీ పోటర్ పుస్తకాల్లో మంత్రాలు రానివాళ్ళని అన్నట్టు. మగుల్స్ కంటపడకుండా డబ్బా తీయడం, పెట్టడం ఒక కళ. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇక అడ్డతీగల. మా మావయ్య అక్కడ గిరిజన ఆశ్రమ పాఠశాలలో ముప్ఫయ్యేళ్ళు పాఠాలు చెప్పి రిటైరై, ఊరొదిలి రాలేక అక్కడే ఉండిపోయాడు. ఊరందరికీ మేష్టారు. నా వేసవి సెలవులన్నీ ఆయన ఇంట్లోనే. ఊరి పేరులో ఉన్న అడ్డతీగ నిజంగానే అడవంతా అల్లుకుని ఉంటుంది. మనం పెళ్ళిళ్ళలో విస్తళ్ళుగా తిన్న అడ్డాకులు దానివే.

2009 సంక్రాంతికి, ఇండియా వచ్చేసిన కొత్తల్లో, ఒక మహత్తరమైన ఆలోచన వచ్చింది. నెట్లో చూస్తే రంపచోడవరం నుంచి రాజవొమ్మంగి దాకా ఆ కొండల్లో ఒక్క కేష్ కూడా కనబడలేదు. మొదటిది మనదే కావాలి! రాజమండ్రి బస్టాండు దగ్గర మంచి స్టీలు టిఫిన్ బాక్సు కొన్నాను. వాన తగలకుండా నల్ల పాలిథిన్ కవరు చుట్టి, పైన ఇన్సులేషన్ టేపు బిగించాను. భోగి నాడు పొద్దున్నే మంట దగ్గర కాసేపు నిలబడి, ఎవరికీ చెప్పకుండా అడవిలోకి పోయి, కాలిబాట పక్కన ఒక బండరాయి కింద దూర్చి, రీడింగ్ తీసుకుని వచ్చేశాను. కష్టం అయిదుకి మూడున్నర అని నాకు నేనే మార్కులేసుకున్నాను. స్థలం ఎవరిదైతే వాళ్ళ అనుమతి తీసుకోవాలని ఆట నియమాల్లోనే ఉంది. నేను ఏ అటవీ శాఖ ఆఫీసు గుమ్మమూ తొక్కలేదు. రోజూ వెళ్ళి చూసుకోలేని చోట పెడితే ఎవరు చూసుకుంటారని అడుగుతారు. మావయ్య పేరు రాసేద్దామనుకున్నాను, ఆయన్ని అడక్కుండానే!

ఏజెన్సీ గురించి కాస్త తెలిసినవాళ్ళు ఈపాటికే తల పట్టుకుని ఉంటారు. నల్ల కవరు, టేపు, స్టీలు టిఫిన్ బాక్సు, అడవిలో కాలిబాట పక్కన. నాకు మాత్రం వెలగలేదు. అయిదేళ్ళు బయటుంటే మనిషికి ఇంత మతిమరుపు వస్తుందా అని ఇప్పటికీ ఆశ్చర్యమే.

ముక్కనుమ నాడు సాయంత్రం మావయ్యా నేనూ అరుగు మీద కూర్చుని గారెలు తింటున్నాం. ఆయన దగ్గర చదువుకున్న కొండరెడ్డి ఒకాయన, నలభై ఏళ్ళుంటాయేమో, తువ్వాల్లో ఏదో చుట్టుకుని వచ్చాడు. అరుగు మీద పెట్టకుండా దూరంగా వేపచెట్టు మొదట్లో నెమ్మదిగా దింపాడు. "మేష్టారూ, ఇది మీ మేనల్లుడుగారిదేనా?" అన్నాడు. నా డబ్బా. టేపు విప్పలేదు, కవరు చిరగలేదు.

జరిగిందేంటంటే, గొడ్లు కాసే పిల్లాడొకడు కనుమ నాడే దాన్ని చూశాడు. జీపీఎస్ లేదు, హింట్ లేదు, నా మూడున్నర మార్కుల దాపరికం వాడికి రెండు రోజులు. నేను మగుల్ అనుకున్నవాడికి ఆ రాయి ఎప్పుడూ ఎలా ఉంటుందో తెలుసు, ఆ రోజు అలా లేదు, అంతే. చూసి పరుగెత్తుకుంటూ ఊళ్ళోకి వెళ్ళాడు. అప్పట్నుంచీ ఆ దారిన ఎవరూ పోలేదు, గొడ్లని కూడా తోలలేదు. పండగ పూట ఊరంతా గుసగుసలు. భోగి నాడు నన్ను మిషను పట్టుకుని అటు పోతుండగా ఈయన చూశాడట. అందుకని నాదేమోనని అనుమానం. అనుమానమే సుమా, నమ్మకం కాదు. ఆ అనుమానం మీదే దాన్ని చేత్తో ఎత్తుకుని, అడ్డదారిన, ఏడు కిలోమీటర్లు నడిచి తెచ్చాడు.

మావయ్య నన్ను ఎప్పుడూ తిట్టలేదు. ఆ రోజూ తిట్టలేదు. గారె కింద పెట్టేసి, "ఒరేయ్, దార్లో ఎవరైనా ఆపి తువ్వాల్లో ఏముందిరా అనడిగితే వాడేం చెప్పేవాడ్రా? జియో ఏదో అని చెప్పేవాడా?" అన్నాడు.

ఆ రోజుల్లో పేపరు జిల్లా ఎడిషన్ తిరగేస్తే నెలకోసారైనా ఆ ఫోటో ఉండేది. డంపు స్వాధీనం. నేల మీద వరసగా టిఫిన్ బాక్సులు, వైర్లు, నల్ల కవర్లు. అంతకు ఆర్నెల్ల ముందే, 2008 జూన్ 29న, బలిమెల రిజర్వాయర్లో గ్రేహౌండ్స్ వాళ్ళు వెళ్తున్న లాంచీ మీద దాడి జరిగి ముప్ఫై మందికి పైగా చనిపోయారు. అది ఒడిశా వైపే అయినా, ఆ కొండలూ ఈ కొండలూ ఒకటే వరస. అలాంటప్పుడు అడవిలో డబ్బా దొరికితే ఒకవైపు నుంచి, దొరికిందని ఎవరికైనా చెబితే ఇంకోవైపు నుంచి ప్రశ్నలు. నాకేం, సియాటెల్ నుంచొచ్చిన సాఫ్ట్‌వేరు కుర్రాణ్ణి, ఇంగ్లీషులో సారీ చెప్పి బయటపడేవాణ్ణి. ఏజెన్సీలో ఉన్నవాడికి ఆ వెసులుబాటు ఉందా?

ఇలాంటిది తర్వాత ఇంగ్లండులో కూడా జరిగింది లెండి. 2011 జూలైలో వెదర్‌బీ అనే ఊళ్ళో ఒక కేఫ్ బయట దాచిన కేష్‌ని చూసి బాంబనుకుని, స్క్వాడ్ వచ్చి పేల్చేసింది. ఆడినాయన్ని పోలీసులు హెచ్చరించి వదిలేశారు. చదివి నవ్వుకున్నాను గానీ, నవ్వు సగంలో ఆగిపోయింది.

అసలు మిషను పట్టుకుని కొండల్లో తిరిగేవాడంటే అక్కడివాళ్ళకి ఎన్ని అర్థాలో మావయ్య ఆ రాత్రి చెప్పుకొచ్చాడు. గుప్తనిధుల కోసం పాత గుళ్ళు తవ్వేవాళ్ళొక రకం. రంగురాళ్ళ వాళ్ళు ఇంకో రకం. విశాఖ ఏజెన్సీలో ఆ రాళ్ళ కోసం తవ్విన గోతులు కూలి కూలీలు చనిపోయిన వార్తలు అందరికీ గుర్తే. ఇన్ఫార్మరు కావచ్చు. లేదా పోడు కొలిచేవాడు. మనకి ట్రెజర్ హంట్ అంటే సరదా, అక్కడ నిధి వెతికేవాడు వచ్చాడంటే ఎవరో ఒకరికి మూడినట్టే.

ఆ చివరిది, పోడు సంగతి, నాకు మర్నాడు అర్థమైంది. కొండరెడ్డి ఆయన రాత్రి మావయ్య ఇంట్లోనే పడుకుని పొద్దున్నే నా దగ్గరికొచ్చి, "బాబూ, ఆ మిషనులో మా పోడెంతో వస్తాదా?" అన్నాడు. 2006లో చేసిన అటవీ హక్కుల చట్టం 2008 నుంచి అమల్లోకి వచ్చింది కదా. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న భూమికి, నాలుగు హెక్టార్లు మించకుండా, హక్కు పత్రం ఇవ్వాలి. ముందటేడు ఎవరో ఇలాంటి మిషనే పట్టుకుని ఆయన చేను చుట్టూ తిరిగి వెళ్ళారట. ఎంతొచ్చిందో చెప్పలేదు. కాగితం ఇంకా రాలేదు. వచ్చాక అందులో అంకె సరైనదో కాదో చూసుకోవాలంటే ఆయన దగ్గర ఇంకో అంకె ఉండాలి. అదీ ఆయన లెక్క. ఏడు కిలోమీటర్లు డబ్బా మోసుకొచ్చింది నన్ను కాపాడ్డానికే అనుకున్నాను. ఆయన పని కూడా ఉందన్నమాట! ఎందుకో అది తెలిశాక నాకు కొంచెం తేలికనిపించింది.

వెళ్ళాం. నిటారు వాలు, అంతా జీడిమామిడి. చేను చుట్టూ పదకొండు చోట్ల ఆగి రీడింగులు తీసుకున్నాను. ఆయన ప్రతి మూలలోనూ ఫలానా చెట్టు, ఫలానా పుట్ట అని చూపిస్తున్నాడు. అక్షాంశంలో నిమిషానికి వెయ్యోవంతు అంటే 1.85 మీటర్లు, అక్కడ రేఖాంశంలో అయితే 1.77. మావయ్య పాత హాజరు పట్టీ వెనకాల గళ్ళు గీసుకుని, ఇంజినీరింగ్ తర్వాత మళ్ళీ వాడతాననుకోని సూత్రంతో అడ్డంగా గుణించి, కూడి, తీసేసి లెక్క తేల్చాను. 2 ఎకరాల 40 సెంట్లు.

ఆయన మొహం వెలిగింది. నేను ఊరుకోవచ్చు కదా, ఉన్న మాట చెప్పాను. చెట్ల కింద, కొండ పక్కన సిగ్నలు చెదురుతుంది, ఒక్కో మూల అయిదారు మీటర్లు తప్పు రావచ్చు, మొత్తం మీద పదిహేను ఇరవై సెంట్లు అటో ఇటో ఉంటుంది అని. "ఇరవై సెంట్లంటే డజను జీడిమామిడి చెట్లు బాబూ" అన్నాడు. సియాటెల్లో అయితే ఆరు మీటర్ల తప్పంటే ఇంకో రెండు పొదలు వెతకడం, అంతే.

ఆ మరుసటేడు మావయ్య ఫోన్ చేశాడు. కాగితం వచ్చింది, 2 ఎకరాల 21 సెంట్లు. "నీదొప్పా, వాళ్ళదొప్పా అని అడుగుతున్నాడ్రా." రెండూ ఒప్పే కావచ్చు మావయ్యా, అన్నాను. అవతల్నుంచి ఆ మాట ఆయనకి చెప్పడం వినబడింది. తర్వాత చాలాసేపు ఏమీ వినబడలేదు. మూలల్లో చెట్ల పేర్లు రాసుకున్న హాజరు పట్టీ కాగితం మాత్రం ఆయన ఆ పత్రంతో పాటే దాచుకున్నాడని తర్వాతెప్పుడో మావయ్య చెప్పాడు.

ఆ ఈట్రెక్స్ తర్వాత ఒక స్నేహితుడికిచ్చేశాను. ఇప్పుడు ప్రతివాడి ఫోనులోనూ జీపీఎస్ ఉంది. పరిస్థితులు కూడా 2009లో ఉన్నట్టు లేవు. అయినా మా వాడికి వద్దనే చెబుతాను.

డబ్బా వద్దు గానీ ఆట వద్దనడం లేదు. డబ్బాలు లేని కేష్‌లు కూడా ఉన్నాయి, చోటే నిధి అన్నమాట. వెళ్ళి చూసి, అక్కడ చూస్తేనే తెలిసే ఒక ప్రశ్నకి జవాబు చెప్పాలి. రాళ్ళూ కొండల గురించైతే ఎర్త్‌కేష్ అని 2004 నుంచీ ఉంది. వాడికి అలాంటిదొకటి తయారుచేస్తున్నాను, అల్లూరి సీతారామరాజు గురించి. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్లు. తీసుకెళ్ళిన ఆయుధాల లెక్క స్టేషను పుస్తకంలో రాసి సంతకం పెట్టి వెళ్ళేవాడని చిన్నప్పుడు మావయ్య చెబుతుంటే నోరు తెరుచుకుని వినేవాళ్ళం. తర్వాత అక్టోబరు 15న అడ్డతీగల, అదీ ముందుగా మిరపకాయ టపా పంపించి మరీ (టపా అంటే మనం రాసే టపా కాదు లెండి :-)). అప్పటికి తెల్లవాళ్ళు జాగ్రత్తపడి తుపాకులు స్టేషన్లో ఉంచడం మానేశారు. వెళ్తే ఆయుధాలు దొరకలేదు. మన భాషలో కేష్ మిస్.

ఈ నాలుగు ఊళ్ళూ ఏ వరసలో తిరగాలో వాడే మ్యాపు మీద గీసుకోవాలి. ప్రతి ఊళ్ళోనూ ఒక పెద్దాయన్ని అడిగితే గానీ తెలియని ప్రశ్న ఒకటి పెట్టాను. ఎవర్ని అడగాలో మాత్రం చెప్పను. అడ్డతీగల ప్రశ్న మావయ్యే తయారుచేస్తానన్నాడు. ఎనభై దాటినా ఆయనకి ప్రశ్నపత్రం అంటే హుషారే. నా స్టీలు డబ్బా ఇంకా వాళ్ళింట్లోనే ఉంది, అత్తయ్య అందులో చింతపండు పెడుతుంది. మే మొదటి వారానికి టికెట్లు తీశాను.