ఇజాజత్ లేని అప్‌గ్రేడ్

ఆ రాత్రి ఇషా నమాజు చదువుకుని వచ్చేసరికి మా బేటీ నిద్రపోయింది. బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచే ఉంది. లైనక్స్ కొత్త వెర్షన్ వచ్చింది, అప్‌గ్రేడ్ చేయమంటారా అని స్క్రీన్ అడుగుతోంది. ఫోన్లో వచ్చే అప్‌డేట్లన్నీ కళ్లు మూసుకుని నొక్కే ఆదత్ నాది. పాస్‌వర్డూ తెలుసు. పాపం పిల్లకి ఒక పని తగ్గుతుందని నొక్కేశాను. పూర్తయ్యేదాకా పక్కనే కూర్చున్నాను కూడా.

ఫజర్ తర్వాత కేక వినిపించింది. "అబ్బా, క్యా కరే ఆప్?"

మర్నాడే కాలేజీలో ప్రాజెక్టు చూపించాలి. మూడు నెలల మెహనత్. పైథాన్‌లో రాసిన ప్రోగ్రాం తెరవగానే పడిపోతోంది. నేను చేసింది చెప్పాను. గుస్సా చేయలేదు, తల దించుకుంది. తిట్టినా బాగుండేది.

నాకు కోడింగ్ రాదు. ఖబర్లు రాసేవాణ్ని. "ఎర్రర్ ఏమంటోందో చదివావా?" అన్నాను. పన్నెండు వరుసలున్నాయి, పై నుంచి చదువుతోంది. ఖబర్లో అసలు సంగతి మొదటి వాక్యంలో పెడతాం. పైథాన్‌ది ఉల్టా, అసలు మాట ఆఖరి వరుసలో ఉంటుంది. ఉర్దూ మీడియంలో చదివినవాడికి అవతలి వైపు నుంచి మొదలుపెట్టడం కొత్తా?

ఆఖరి వరుసలో ఫ్లాస్క్ అనే మాడ్యూల్ దొరకలేదని ఉంది. "ఇక్కడే ఉంది కదా అబ్బా!" అని ఫోల్డర్ తెరిచింది. ఉంది. కానీ ఆ ఫోల్డర్ పేరు పైథాన్ 3.8. అప్‌గ్రేడ్‌తో వచ్చింది 3.10. ప్రాజెక్టు కోసం విడిగా కట్టుకున్న గదిని వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ అంటారట. అందులో సొంత పైథాన్ లేదు, సిస్టమ్‌లో ఉన్నదానికి దారి మాత్రమే ఉంది. ఆ దారి చివర ఇప్పుడు 3.10 కూర్చుంది. అది తన నంబరున్న ఫోల్డర్‌లోనే వెతుకుతుంది. సామాను పాతింట్లో, మనిషి కొత్తింట్లో!

"ఫోల్డర్ పేరు మార్చేస్తే?" అన్నాను. పొద్దుట్నుంచి మొదటిసారి నవ్వింది. కొన్ని లైబ్రరీల్లో 3.8 కోసమే తయారైన ముక్కలుంటాయట, అవి 3.10లో నడవవు. గది కొత్తగా కట్టాల్సిందే.

పాత ఫోల్డర్‌లో లైబ్రరీల పేర్లు, వెర్షన్లు చూసి నేను చదివాను, తను ఫెహరిస్త్ రాసుకుంది. అన్నీ మళ్లీ ఇన్‌స్టాల్ చేసింది. ఒక పాత లైబ్రరీ మాత్రం మొరాయించింది. కలెక్షన్స్ నుంచి మ్యాపింగ్ అనే పేరు తీసుకోబోతే దొరకడం లేదు. 3.10లో ఆ పేరును అక్కణ్నుంచి తీసేశారు. ఆ లైబ్రరీ కొత్త వెర్షన్ వేసేసరికి సర్దుకుంది. జొహర్ అజాన్ వేళకి ప్రోగ్రాం నడిచింది. అల్‌హమ్దులిల్లాహ్, తను రాసిన కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదు.

అప్పుడు మాఫీ అడిగాను. "జానే దో అబ్బా" అంది. కానీ నాకు పోలేదు. పక్కింటివాళ్ల గిన్నె అడగకుండా ముట్టుకోం, అమానత్ అంటాం. సొంత పిల్లల సామాను దగ్గరికి వచ్చేసరికి ఇజాజత్ గుర్తుండదు. మంచి నీయత్ ఉంటే చాలనుకుంటాం. నీయత్ మంచిదే, నష్టం మాత్రం ఆ పిల్లకి.

ఇప్పుడు ప్రతి ప్రాజెక్టు పక్కనా తను ఫెహరిస్త్ పెడుతోంది. మొన్న మళ్లీ ఏదో నోటీసు వచ్చింది. "అబ్బా, నొక్కనా?" అని ఆటపట్టించింది.

"బ్యాకప్ తీశావా బేటీ?" అన్నాను.