వృద్ధాశ్రమంలో చూడవలసినవి: ఒక స్వానుభవం

విజయవాడ నుంచి హైదరాబాదు రహదారిపై గొల్లపూడి, గుంటుపల్లి దాటితే ఇబ్రహీంపట్నం వస్తుంది. థర్మల్ విద్యుత్ కేంద్రపు పొగగొట్టాలు దూరం నుంచే కనిపిస్తాయి. పట్టిసీమ నుంచి కాలువలో వచ్చిన గోదావరి నీరు కృష్ణలో కలిసే పవిత్ర సంగమం అక్కడికి సమీపంలోనే ఉంది. ఆ పరిసరాలలోని ఒక వృద్ధాశ్రమంలో మా అక్కయ్య తన 82వ ఏట చేరింది.

తుంటి ఎముక విరిగి శస్త్రచికిత్స జరిగిన తరువాత ఆమె తనంతట తాను మంచం దిగలేకపోయింది. పిల్లలు అమెరికాలో ఉన్నారు. నాకప్పటికే డెబ్బై దాటాయి. నా శ్రీమతికి మోకాళ్ళ నొప్పులు. అక్కయ్యను ఎత్తి దించగల బలం మా ఇద్దరిలో లేదు. ఆశ్రమాన్ని ఎంపిక చేసినది నేనే. గచ్చు శుభ్రంగా ఉంది, గదికి గాలీ వెలుతురూ ఉన్నాయి, వంట రుచిగా ఉంది. నలభై ఏళ్ళు వైద్యం చేసిన నేను ఆనాడు ఒక హోటలు గదిని చూసినట్లు చూసి తృప్తిపడి వచ్చాను.

ప్రతి ఆదివారం పళ్ళు తీసుకొని వెళ్ళేవాడిని. కుర్చీలో కూర్చొని గంటసేపు కబుర్లు చెప్పి వచ్చేవాడిని. మూడవ నెలలో అక్కయ్య మాటలు తగ్గాయి, మగతగా ఉండసాగింది. వయసు ప్రభావమని సరిపెట్టుకున్నాను. ఒక ఆదివారం నేను బయలుదేరుతుండగా ఆయా గుమ్మం దాకా వచ్చి, మెల్లగా, “డాక్టరు గారూ, మామ్మగారి నడుం కింద ఒక్కసారి చూడండి” అన్నది. వెనుకకు వచ్చి దుప్పటి తొలగించి, అక్కయ్యను పక్కకు ఒత్తిగిలజేసి చూశాను. త్రికాస్థిపై నా అరచేతిలో సగమంత పుండు. అడుగున కండ నల్లబడి ఉంది. పన్నెండు ఆదివారాలు వెళ్ళి కూడా నేను ఆ దుప్పటి ఎత్తలేదు.

మంచంపుండ్లు

మంచంపుండు ఎలా పుడుతుందో తెలుసుకోండి. పడుకున్నప్పుడు శరీరపు బరువు ముఖ్యంగా త్రికాస్థి, తుంట్లు, మడమలు వంటి ఎముకలు ఉబ్బెత్తుగా ఉన్న చోట్ల పడుతుంది. ఎముకకూ పరుపుకూ మధ్య నలిగిన సూక్ష్మ రక్తనాళాలలో రక్తప్రసరణ ఆగిపోతుంది. ఆరోగ్యవంతులు నిద్రలోనే తమకు తెలియకుండా ఒత్తిగిలుతారు. కదలలేనివారికి ఆ రక్షణ లేదు. కొద్ది గంటలలోనే కణజాలం దెబ్బతినవచ్చు. తడిసిన పక్క, పోషకాహార లోపం, మధుమేహం దానికి తోడవుతాయి.

చర్మంపై ఎర్రదనం కనిపించి, వేలితో నొక్కినప్పుడు పాలిపోకపోతే అది తొలి హెచ్చరిక. మనలో చాలామంది చామనఛాయ లేక నల్లని మేని వారు కనుక ఎర్రదనం సులభంగా కనిపించదు. చుట్టుపక్కల చర్మం కంటే ఆ చోటు వేడిగానో, గట్టిగానో, మెత్తగానో ఉన్నదేమో చేతితో తడిమి చూడాలి. ఆ చోట మర్దన చేయరాదు. పిరుదుల కింద గాలి రింగులు పెట్టరాదు, వాటి అంచుల వద్ద ఒత్తిడి మరింత పెరుగుతుంది. మంచం పట్టినవారిని సాధారణంగా రెండు గంటలకొకసారి పక్క మార్చాలి. మడమలు పరుపుకు తగలకుండా పిక్కల కింద దిండు ఉంచాలి.

నీళ్ళ గ్లాసు

అక్కయ్యను ఆసుపత్రిలో చేర్చాము. రక్తపరీక్షలలో శరీరంలో నీరు బాగా తగ్గినట్లు తేలింది. ఆమె మగతకు అది ఒక ముఖ్య కారణం. వయసుతో దాహం మందగిస్తుంది. కనుక వృద్ధులు అడిగినప్పుడే నీరివ్వడం చాలదు. తేరుకున్నాక, “నీళ్ళెందుకు తాగలేదక్కయ్యా?” అని అడిగాను.

“తాగితే మాటిమాటికీ బెడ్‌పాన్ అడగాలి కదురా. ఆ పిల్ల ఒక్కత్తీ ఎంతమందికని చేస్తుంది? అందుకని నేనే మానుకున్నాను” అన్నది.

ఆ మాట నన్ను ఇప్పటికీ వదలలేదు. ఆకలైనా చెప్పుకోని తరం ఆమెది. ఒకరిని ఇబ్బంది పెట్టడం ఇష్టంలేక ఆమె తన ప్రాణం మీదికే తెచ్చుకుంది. నీళ్ళ సీసా బల్లపై నిండుగానే ఉండేది. దానిని చూసి నేను సంతోషించాను కూడా. నిండుగా ఉన్నదంటే ఎవరూ తాగలేదని అర్థమని నాకు తట్టలేదు.

రాత్రి ఎందరున్నారు?

ఆయాపై నాకు కోపం రాలేదు. రాత్రివేళ పదునలుగురికి ఆమె ఒక్కతే. వారిలో ఆరుగురు మంచం దిగలేనివారు. చర్మం ఒరుసుకుపోకుండా ఒక మనిషిని పక్క మార్చడానికి ఇద్దరు కావాలి. తొమ్మిది గంటల నుంచి అయిదింటి వరకు రెండు గంటలకొకసారి అంటే, ఆ ఆరుగురికీ కలిపి కనీసం ఇరవైనాలుగు సార్లు. పక్క తడిపినవారిని శుభ్రపరచడం, లేచి నడవబోయేవారిని పట్టుకోవడం వేరు. ఒంటరి మనిషికి అది సాధ్యం కాదు. ఇటువంటి చోట్ల వృద్ధులను నిద్రమందులతో పడుకోబెట్టే ప్రమాదమూ ఉన్నది. ఆ మందుల వలన వారు తూలి పడతారు, నీరూ ఆహారమూ తగ్గుతాయి, కదలికలు తగ్గి పుండ్లు పడతాయి.

2007లో వచ్చిన తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ప్రతి జిల్లాలో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు ఆశ్రయమివ్వగల వృద్ధాశ్రమాన్ని ఉద్దేశించింది. ఆశ్రమాలలో సేవల ప్రమాణాలను నిర్దేశించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చింది. ఇబ్బందులలో ఉన్న వృద్ధుల కొరకు 14567 అనే సహాయవాణి ఉన్నది. అయితే అర్ధరాత్రి పక్క మార్చే చేతులున్నాయో లేదో వెళ్ళి అడగవలసినది కుటుంబమే.

గోంగూర కట్ట

పుండు మానడానికి అయిదు నెలలు పట్టింది. అక్కయ్య తిరిగి అదే ఆశ్రమానికి వెళ్ళింది. రాత్రికి మరొక ఆయాను పెట్టడానికి యాజమాన్యం ఒప్పుకుంది. ఖర్చులో కొంత మేము నాలుగు కుటుంబాలవారము పంచుకున్నాము. పక్క మార్చిన వేళ రాసే కాగితం మంచానికి వేలాడింది.

ఇంకొక మార్పు అక్కయ్యే తెచ్చింది. వంటమనిషిని బతిమాలి గోంగూర కట్టలు మంచం మీదికి తెప్పించుకొని ఆకు వలిచేది. ఇంతకుముందు “మీకెందుకు మామ్మగారూ శ్రమ” అని ఇవ్వలేదట. 1976లో అమెరికాలో లాంగర్, రోడిన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఒక వృద్ధాశ్రమంలో కొందరికి ఒక్కొక్క మొక్కనిచ్చి, దాని పోషణనూ తమ దినచర్యలో కొన్ని నిర్ణయాలనూ వారికే విడిచిపెట్టారు. అన్నీ సిబ్బందే చేసిపెట్టిన వారికంటే వీరు మూడు వారాలలోనే చురుకుగా, సంతోషంగా కనిపించారు. గోంగూర వలిచే రోజులలో మా అక్కయ్య అడగకుండానే మజ్జిగ తాగేది.

మీవారు ఎవరైనా ఆశ్రమంలో ఉంటే, ఈసారి వెళ్ళినప్పుడు చేయండి: సిబ్బందిని అడిగి, గది తలుపు వేసి, దుప్పటి తొలగించి నడుము, తుంట్లు, మడమలు చూడండి. నెలనెలా బరువు చూస్తున్నారా, ఏయే మందులు ఎందుకిస్తున్నారో అడగండి. నీళ్ళ గ్లాసు చేతికి అందేంత దూరంలో ఉన్నదా చూసి, మీరే తాగించండి. వీలైతే ఒకసారి రాత్రి తొమ్మిది దాటాక వెళ్ళండి. వచ్చేముందు ఆయాతో రెండు నిమిషాలు మాట్లాడండి. మా అక్కయ్య మరి రెండేళ్ళు బతికినదంటే, ఆ ఆదివారం గుమ్మం వద్ద నన్ను ఆపిన ఆమె వల్లనే.