వినుటయు వినిపించుటయు

విత్తనము చల్లినంతనే పంట చేతికి వచ్చినదని యే రైతును తలపడు. రేడియో విషయమున మాత్రము, ధ్వని పోయినంత మేర జనులు వినినట్లే లెక్క వేయుట మనకు వాడుకయైనది.

హైదరాబాదున 1935 ఫిబ్రవరి 3వ తేదీన దక్కను రేడియో ప్రసారములు ఆరంభమయ్యెను. 1950 ఏప్రిల్ 1న దానిని భారత ప్రభుత్వము స్వాధీనము చేసికొనెను. నగరమునకు దక్షిణమున నున్న శంషాబాదు ఎంతో దూరము గాదు. పాతిక కిలోమీటర్ల లోపే. మధ్యతరంగములు పగటివేళ నేలనంటి సాగును గనుక అంత దూరము వానికి భారము గాదు. అయినను తరంగము వచ్చినంతనే మాట వచ్చునా? విద్యుత్తు లేని పల్లెలో పెట్టె పలుకవలెనన్న బ్యాటరీ కావలెను. అది నీరసించిన ఛార్జికై పట్నమునకు మోయవలెను. ఇంటిపై పొడవైన ఏరియలు తీగ కట్టవలెను. కూలివాని కిది అందెడి వ్యయము గాదు. పెట్టె పలికినను ఏ భాషలో పలుకును? సంస్థానమున పాలనకును ఉన్నతవిద్యకును ఉరుదే మాధ్యమము. రేడియోలోను దానికే పెద్దపీట. దుక్కి దున్నువాని మాట తెలుగు.

స్వాతంత్ర్యానంతరము గ్రామములకు సామూహిక రేడియోలు వచ్చెను. 1956లో యునెస్కో తోడ్పాటుతో బొంబాయి రాష్ట్రపు మరాఠీ జిల్లాలలో సుమారు 150 గ్రామముల రైతులు వారమునకు రెండుమారులు కూడి, విని, చర్చించి, తమ ప్రశ్నలను కేంద్రమునకు పంపిరి. వినువాడు మారు పలుకుటయే యందలి విశేషము. కాని పెట్టె సాధారణముగా చావడిలో నుండెడిది. చావడి యందరిదే యందురు. ఇంటి కోడలు అచ్చట కూర్చుండగలదా? ఊరికి వెలియగు వాడలోనివారు ఆ అరుగెక్కగలరా? తరంగములు దాటిన గోడలను మనుష్యులు దాటలేకపోయిరి.

గాలితరంగములు ప్రజల సొత్తని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. 2006లో స్వచ్ఛంద సంస్థలకును రేడియో నడుపు వీలు కలిగెను. 2008 మార్చిలో శంషాబాదున విమానాశ్రయము తెరువబడెను. ఆ యేడే అక్టోబరు 15న జహీరాబాదు చెంత మాచనూరున సంఘం రేడియో ఆరంభమయ్యెను. దానిని నడుపబూనినవారు దళిత స్త్రీలు. చిరుధాన్యములను గూర్చి, తమ పాటలను గూర్చి తమ యాసలోనే పలికిరి. మొదటిదాని వార్త లోకమంతయు వినెను. రెండవది లోకమునకు కాదు, చుట్టుపట్ల పల్లెలకు వినిపించెను. ఏది గొప్పదని నే నడుగను. చావడి మెట్టెక్కలేని కంఠము రెండవదానివలననే గాలి కెక్కెను.

ఈ పరీక్షకు పల్లెదాక పోనక్కరలేదు. మన యింట యంత్రము మీట ఎవరి చేత నున్నది? అది పలుకుచుండగా వంటయింటినుండి మారు మాట వచ్చిన మన మాగి విందుమా? ఆ జవాబును బట్టియే మన యింటికి రేడియో వచ్చినదో లేదో తెలియును.