వాపసు పిలుపు

సావనీరుకు ఏదైనా వ్రాసి ఇమ్మని విద్యార్థి సంఘం మిత్రులు కబురు పంపినప్పుడు నాకు నవ్వు వచ్చింది. నాచుపల్లిలో మెకానికల్ చదివి 2014లో బయటపడ్డ నేను ఇప్పుడు జగిత్యాలలో పంపుసెట్ల దుకాణం నడుపుకుంటున్నాను. నా చేతివ్రాత బిల్లు బుక్కులో తప్ప మరెక్కడా కనిపించదు. కాని ఒక సంగతి మాత్రం చాలాకాలంగా మనసులో ఉంది. అది నా కారు సంగతి. కారు సంగతే అయినా అందులో మా అమ్మ ఉంది, సిరిసిల్ల బావ ఉన్నాడు, నా తప్పు కూడా ఉంది. అందుకే వ్రాస్తున్నాను. ఓపికతో చదవండి.

2020లో ఒక కారు కొన్నాను. కొత్తది కాదు. 2017లో హైదరాబాదులో ఒకాయన కొన్న బండి, మూడేళ్ళకు నా చేతికి వచ్చింది. కంపెనీ పేరు చెప్పను. చెప్పడం ఈ వ్యాసానికి అవసరం లేదు. దానికి క్లచ్ పెడల్ ఉండదు. గేర్లు వాటంతట అవే మారుతాయి. మోటారుసైకిలు మీద నుంచి పడి నా ఎడమ మోకాలు దెబ్బతిన్నది గనుక అటువంటి బండే వెతికి కొన్నాను.

మెకానికల్ చదవని మిత్రుల కోసం రెండు మాటలు. ఇటువంటి చవక రకం ఆటోమేటిక్ బండిలో గేర్‌బాక్సు మామూలు బండిదే. మన ఎడమ కాలు, ఎడమ చెయ్యి చేసే పనిని మాత్రం ఒక చిన్న పంపు, కొన్ని వాల్వులు, ఒక కంప్యూటరు కలిసి చేస్తాయి. పంపు నూనెను ఒత్తిడితో నిలిపి ఉంచుతుంది. ఆ ఒత్తిడితోనే క్లచ్ విడుతుంది, గేరు ఒకటి వదిలి మరొకటి పట్టుకుంటుంది. మన దేశంలో ఈ పద్ధతి కార్లు 2014 నుంచి బాగా వాడుకలోకి వచ్చాయి. ఒక గేరు వదిలి ఇంకొకటి పట్టుకునే ఆ క్షణంలో ఒత్తిడి పడిపోయిందనుకోండి, బండి న్యూట్రల్‌లో నిలిచిపోతుంది. ఇంజను రొద పెడుతూనే ఉంటుంది గాని చక్రాలకు కబురు అందదు.

2022 అక్టోబరులో నాకు జరిగింది అదే.

మా అమ్మది కోరుట్ల. మా అక్కను సిరిసిల్ల ఇచ్చాము. ఆ రోజు కోరుట్లలో అమ్మను, అక్క కొడుకును ఎక్కించుకుని కథలాపూర్, రుద్రంగి మీదుగా వేములవాడ దారిన సిరిసిల్లకు బయలుదేరాను. పొద్దు గూకింది. రుద్రంగి దాటినాక ఒక ఎత్తు మీద బండి గేరు మారబోయి ఆగింది. ఎదుట అద్దంలో ఒక ఎర్ర దీపం వెలిగింది. యాక్సిలరేటరు తొక్కితే ఇంజను అరుస్తోంది, బండి మాత్రం వెనక్కు జారుతోంది. వెనుక వడ్ల లారీ వస్తోంది.

జగిత్యాల ప్రాంతం వారికి ఎత్తు మీద బండి పట్టు తప్పడం అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాటు మీద ఆర్టీసీ బస్సు లోయలో పడి అరవై మందికి పైగా చనిపోయారు. మన కాలేజీకి కూతవేటు దూరంలో జరిగిన ఘోరం అది. ఆ క్షణంలో నా కళ్ళ ముందు కనిపించింది అదే. బ్రేకు తొక్కి, హ్యాండ్ బ్రేకు లాగి కూర్చున్నాను. లారీ డ్రైవరు నేర్పరి. బండిని మట్టి దారిలోకి దించి ఆపాడు. దిగి వచ్చి నన్ను నాలుగు తిట్టబోయి, వెనుక సీట్లో అమ్మను, పిల్లవాణ్ణి చూసి ఆగిపోయాడు.

"ఏమైంది సార్, ఎన్కకొస్తున్నరు?"

"గేరు పడుతలేదన్నా."

"పెద్దమ్మను, పొల్లగాన్ని ముందుగాల దింపుండ్రి. బండి సంగతి తర్వాత చూద్దాం" అని తానే రెండు రాళ్ళు తెచ్చి చక్రాల కింద పెట్టాడు. ఆయన పేరు కూడా అడగలేదు నేను. ఇప్పటికీ అది నాకు వెలితిగానే ఉంది.

బండిని సర్వీసు సెంటరుకు చేర్పించాను. అక్కడి అబ్బాయి కాగితం తీసుకుని అడిగిన మొదటి ప్రశ్న: "క్లచ్ మీద కాలు పెట్టి నడుపుతారా సార్?"

"బాబూ, ఈ బండికి క్లచ్ పెడలే లేదు" అన్నాను.

అతను వంగి చూసి, అవునన్నట్టు తల ఊపి, "అయితే మీ డ్రైవింగ్ స్టైలే" అన్నాడు. నూనె మార్చారు, సాఫ్ట్‌వేరు ఏదో ఎక్కించారు. 6,400 రూపాయలు బిల్లు. నెల తిరగకుండానే ధర్మపురి దారిలో మళ్ళీ అదే తంతు. ఈసారి మొత్తం గేరు సామాను మార్చాలి, 52,000 అవుతుంది, వారంటీ ఎప్పుడో అయిపోయింది అన్నారు.

ఇక్కడే నా తప్పు మొదలైంది. కోరుట్లలో మాకు తెలిసిన ఒక బడిపంతులు గారు కారు కోసం చూస్తున్నారు. 3,40,000కు బేరం కుదిరింది. చల్లగా ఉన్నప్పుడు, చదునైన దారిలో బండి బాగానే నడుస్తోంది. ఆయన ఊరిలో ఒక చుట్టు తిప్పి చూసి మురిసిపోయారు. గేరు సంగతి నేను చెప్పలేదు. "పాత బండి అన్నప్పుడు ఏదో ఒకటి ఉండనే ఉంటుంది, చూసుకోవలసింది కొనేవాడే గదా" అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

అమ్మకు తెలిసింది. ఆమె ముప్పై ఏళ్ళు బీడీలు చుట్టిన మనిషి. నా ఫీజులు ఆ వేళ్ళ నుంచే వచ్చాయి. అన్నం తింటుంటే అడిగింది.

"పంతులుకు చెప్పినవారా?"

"ఏం చెప్పాలె?"

"గుట్ట మీద ఎన్కకు పోయిన ముచ్చట."

నేను పలకలేదు. అమ్మ గొంతు పెంచలేదు. "నేను పొద్దంత చుట్టిన బీడీలు పొద్దుమూకి కార్ఖానాకు కొంటవోతే, ఒకటొకటి చూసి, బాగలేనియి పక్కకు ఏరి పారేసేటోళ్ళు. గవి లెక్కకు రాకుండె. మళ్ళ చుట్టిచ్చిన గని, బాగలేని బీడీని కట్ట నడుమ దాసిపెట్టి ఇయ్యలే. బీడీకే గట్లుంటే, పానాలు పోయే బండిని గట్లెట్ల అమ్ముతవు కొడుకా?" అన్నది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారి పంతులు గారికి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. "మంచిగ చెప్పినవు నాయనా. బడికి నా మనుమరాలిని గూడ దాంట్లనే తోల్కపోదామనుకున్న" అన్నారు. బేరం పోయింది.

తరువాత సిరిసిల్ల వెళ్ళినప్పుడు బావతో ఈ కథంతా చెప్పాను. బావకు నాలుగు సాంచాలు ఉన్నాయి. వాటి చప్పుడులో మాట వినిపించాలంటే చెవిలో అరవాలి. ఆయన సాంచా ఆపి, బట్టను వేలితో చూపించాడు. "ఇగో, ఒక్క పోగు తెగితే తాను పొడుగునా గీత పడ్తది. సేటు ఊకుంటడా? డ్యామేజీ అని కూలి కోస్తడు. మరి గంత పెద్ద కంపెనీ చేసిన తప్పుకు ఎవలు కోస్తరు? నీ ఒక్క బండే గిట్లయిందా, ఇంకెన్నిటికి అయిందో చూసినవా? ముందుగాల కొన్నాయనను అడుగు."

నాలుగేళ్ళు ఇంజనీరింగు చదివిన నాకు తట్టని ప్రశ్న అది. హైదరాబాదు ఆయనకు ఫోన్ చేశాను. ఆయన తీరికగా అన్నారు: "అవునండీ, ఈ ఏడాది మొదట్లో కంపెనీ నుంచి ఏదో ఉత్తరం వచ్చింది. గేర్‌బాక్సులో ఏదో భాగం ఉచితంగా మారుస్తాం, బండి తీసుకురండి అని. బండి అమ్మేశాను గదా అని పక్కన పడేశాను."

కంపెనీ వెబ్‌సైటులో ఛాసిస్ నంబరు, అంటే పదిహేడు అక్షరాలు, అంకెల ఆ నంబరును, కొట్టి చూశాను. నా బండి రీకాల్ జాబితాలో ఉంది. ఒత్తిడిని నిలిపే భాగంలో లోపం ఉన్నట్టు వాళ్ళే ఒప్పుకున్నారు. ఆర్.సి. నా పేరు మీదికి మారింది గాని, కంపెనీ పుస్తకాల్లో మాత్రం పాత యజమాని చిరునామానే ఉండిపోయింది. నేను రుద్రంగి ఎత్తు మీద వెనక్కు జారుతున్న రోజుకు ఆ ఉత్తరం హైదరాబాదులో ఏ అలమారలోనో దుమ్ము పట్టి ఉంది. సర్వీసు సెంటరు వాళ్ళు కూడా నంబరు కొట్టి చూస్తే నిమిషంలో తెలిసేది. వాళ్ళు చూడలేదు, నేను అడగలేదు. 2023 జనవరిలో పైసా తీసుకోకుండా ఆ భాగం మార్చి ఇచ్చారు.

తరువాత ఈ రీకాల్ అనే పద్ధతి గురించి కొంత చదివాను. అమెరికాలో 1965లో రాల్ఫ్ నాడర్ కార్ల భద్రత గురించి వ్రాసిన పుస్తకం గొప్ప సంచలనం రేపింది. మరుసటి ఏడే, 1966లో, అక్కడ వాహన భద్రతా చట్టం వచ్చింది. చట్టం ఉన్నంత మాత్రాన అన్నీ సవ్యంగా జరిగాయని కాదు. పార్కింగులో పెట్టిన గేరు జారి రివర్సులోకి పోతోందని ఫోర్డు బండ్ల మీద ఫిర్యాదులు వచ్చాయి. చివరకు 1980లో ప్రభుత్వానికీ కంపెనీకీ కుదిరిన ఒప్పందం ఏమిటో తెలుసా? దాదాపు 2 కోట్ల 30 లక్షల బండ్ల యజమానులకు హెచ్చరిక స్టిక్కర్లు పంపడం! గేర్‌బాక్సును బాగుచేయడానికి బదులు జాగ్రత్తగా ఉండమని కాగితం అతికించుకోమన్నారు.

మన దేశంలో 2012లో వాహన తయారీదారుల సంఘం స్వచ్ఛందంగా ఒక నియమావళి పెట్టుకుంది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 110-ఏ సెక్షన్ చేర్చారు. డ్రైవరుకు గాని, లోపల కూర్చున్నవారికి గాని, దారిన పోయేవారికి గాని హాని చేసే లోపం ఉంటే బండ్లను వెనక్కు పిలవమని ప్రభుత్వమే ఆజ్ఞాపించవచ్చు. 2021 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన నిబంధనల ప్రకారం ఏడేళ్ళ లోపు బండ్లకు ఇది వర్తిస్తుంది. జరిమానా 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా ఉంటుంది. అందులో నాకు నచ్చిన మాట ఒకటుంది. తయారీదారు తన లోపాన్ని తానే గుర్తించి, ప్రభుత్వానికి చెప్పి, బండ్లను వెనక్కు పిలిస్తే జరిమానా ఉండదు. మా అమ్మ కార్ఖానా న్యాయం కన్నా ఇది మెత్తనిదే. అక్కడ ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా బీడీ లెక్కకు రాలేదు.

నా 6,400 రూపాయలు మాత్రం తిరిగి రాలేదు. రెండుసార్లు వ్రాశాను, జవాబు లేదు. వినియోగదారుల కమిషన్‌కు పొమ్మని బావ పోరాడు. 1986 నుంచీ మనకు వినియోగదారుల చట్టం ఉంది. 2020 జూలైలో అమలులోకి వచ్చిన కొత్త చట్టంలో లోపమున్న వస్తువు వల్ల కలిగిన నష్టానికి తయారీదారు బాధ్యత గురించి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది. 1915 నంబరుకు ఫోన్ చేసినా దారి చెబుతారు. కాని దుకాణం వదిలి ఎవరు తిరుగుతారని నేను బద్ధకించాను. ఇది నేను గొప్పగా చెప్పుకునే విషయం కాదు. మీరు ఇలా చేయకండి.

కథ ఇక్కడితో ముగిస్తే అంతా కంపెనీ తప్పే అన్నట్టు ఉంటుంది. ఇంకొకటి చెప్పాలి. మొన్న ఎండాకాలంలో నా దుకాణంలో మోటారు కెపాసిటర్ల పెట్టె ఒకటి తెరిచాను. ముప్పై దాకా అమ్మిన తరువాత నలుగురు రైతులు వరుసగా వచ్చారు. "నీళ్ళు పారవెట్టంగనే మోటరు ఆగింది" అన్నారు. మొదట నా నోట వచ్చిన మాట ఏమిటో తెలుసా? "కరెంటు సరిగ లేదు, మీరే స్టార్టరు ఊకూకె కొడుతున్నరు." అన్న తరువాత నాకే ఆ సర్వీసు సెంటరు అబ్బాయి గుర్తుకు వచ్చాడు. క్లచ్ లేని బండికి క్లచ్ మీద కాలు పెట్టావన్నాడే, నేను అన్నదీ అదే మాట.

ఆ సాయంత్రం బిల్లు బుక్కు ముందేసుకుని కూర్చున్నాను. పేరు, ఊరు, ఫోన్ నంబరు ఉన్నవాళ్ళకల్లా ఫోన్ చేశాను. "ఆ కెపాసిటరు తీసుకరాండ్రి, వేరేది ఇస్త" అన్నాను. బిల్లు వద్దన్నవాళ్ళు ఏడుగురు ఉన్నారు. వాళ్ళెవరో నాకు ఇప్పటికీ తెలియదు. పొలం పారే వేళకు వాళ్ళ మోటరు ఆగి ఉంటే ఆ నష్టం నా ఖాతాలోనిదే. అప్పటి నుంచి పది రూపాయల సామానుకైనా పేరు వ్రాసుకోనిదే ఇవ్వడం లేదు. ఎందుకన్నా గింత లెక్క అని కొందరు నవ్వుతారు.

చదువుకుంటున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ! మీరు రేపు గేర్లు తయారుచేసే చోటికే పోవచ్చు, నాలాగా దుకాణం పెట్టవచ్చు. కనీసం పాత బండి అయినా కొంటారు. కొన్న నాడే కంపెనీకి మీ పేరు, చిరునామా తెలపండి. ఛాసిస్ నంబరు కొట్టి చూసుకోండి. అమ్మిన తరువాత ఉత్తరం వస్తే పారేయకండి. కొన్నవానికి ఒక్క ఫోన్ చేయండి. ఆ ఫోన్ నాకు వచ్చి ఉంటే అమ్మ, పిల్లవాడు ఆ చీకటిలో రోడ్డు పక్కన నిలబడవలసి వచ్చేది కాదు.

కారు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. గేర్లు సరిగ్గానే మారుతున్నాయి. అయినా రుద్రంగి ఎత్తు వచ్చేసరికి వెనుక సీటులో అమ్మ ముందు సీటు అంచును గట్టిగా పట్టుకుంటుంది. ఏమమ్మా అంటే ఏం లేదంటుంది.